మరుగుదొడ్డిలో నలభై మూడు రోజులు

మూత్రానికి వెళ్ళడం మనిషి సొంత వ్యవహారమని నమ్మేవాళ్ళు ఈ దేశంలో ఇంకా ఉన్నారు. వాళ్ళలో ఒక్కరూ టైమ్ ఆఫీసులో పనిచేసి ఉండరని నేను రాసిస్తాను.

నేను పనిచేశాను. నా పేరు దయారత్నం. ఒక రైల్వే వర్క్‌షాపు గేటు దగ్గర (ఏ వర్క్‌షాపని అడగకండి, పింఛను అక్కడి నుంచే వస్తుంది) ముప్ఫై నాలుగేళ్ళు కూర్చుని ఎవరు లోపలికి వచ్చారో, ఎవరు బయటికి పోయారో రాశాను. మాది ఇత్తడి బిళ్ళల పద్ధతి. మనిషికో నంబరు, నంబరుకో బిళ్ళ. బిళ్ళ తీసుకుంటే మనిషి లోపల ఉన్నట్టు. తిరిగిచ్చేస్తే బయట ఉన్నట్టు. నా సర్వీసులో ఈ పద్ధతి ఒక్కసారీ అబద్ధమాడలేదు. (చనిపోయిన ఫిట్టరొకాయన మూడు రోజులు డ్యూటీలో ఉన్న మాట నిజమే. కాని అందులో బిళ్ళ తప్పేమీ లేదు, ఆయనే జేబులో వేసుకుని పోయాడు.)

రిటైరయ్యాక కలకత్తా గార్డెన్ రీచ్‌లో ఉంటున్నాను. నదీతీర శ్రామిక క్రీడా మండలి వారు మా పేటలో లఘు ట్రయథ్లాన్ పెడుతున్నారని, దానికి అనుభవజ్ఞుడి సేవలు కావాలని కబురొచ్చినప్పుడు నేను ఎగిరి గంతేశాను. ట్రయథ్లాన్ అంటే ముందు ఈత, తర్వాత సైకిలు, ఆఖరున పరుగు. మధ్యలో ఆగకూడదు. ఇది చిన్నది కనుక నాలుగు వందల మీటర్ల ఈత, పది కిలోమీటర్ల సైకిలు, రెండున్నర కిలోమీటర్ల పరుగు. గట్టివాళ్ళు గంటలోపు ముగిస్తారు. ఆ గంటలో ఎవరికైనా వస్తే ఏం చెయ్యాలన్న ప్రశ్న మీద మండలి మూడు నెలల్లో పదకొండు సమావేశాలు జరిపింది. (ప్రతి సమావేశంలోనూ టీ తర్వాత పది నిమిషాల విరామం ఇచ్చారు. ఎందుకిచ్చారో మినిట్స్‌లో రాయలేదు.)

చివరికి కాలకృత్యాల ఉపసంఘం ఏర్పడింది. అధ్యక్షుడు హాల్దార్ బాబు. ఆయన నవ్వగా చూసినవాళ్ళు లేరు, కాని ఎవరి మీదా కోప్పడగా చూసినవాళ్ళూ లేరు. నేను సభ్యుణ్ణి. నియమావళి రాసింది నేనే.

చెరువు దగ్గర నుంచి మొదలుపెట్టాం. ఈదేవాళ్ళు నీళ్ళలోనే పని కానిచ్చేస్తారని ప్రపంచమంతటికీ తెలుసు. ఉపసంఘానికి మాత్రం తెలియకూడదు. అందుకని పోటీకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చెరువు మట్టం కొలవడానికి ఒక ఇంజనీరును నియమించాం. సైకిలు మీద ఉండగా ఎవరికైనా వస్తే, నడుస్తున్న వాహనం నుంచి ద్రవపదార్థాలు జారవిడవరాదన్న రోడ్డు నియమం ఎలాగూ ఉంది. ఇక మిగిలింది అధికారిక మార్గం. సైకిలు దిగి పరుగు మొదలుపెట్టే చోట నీలం రంగు సంచార మరుగుదొడ్డి ఒకటి, దాని ముందు బల్ల, బల్ల వెనక నేను. అవసరమైనవారు బిళ్ళ తీసుకుని లోపలికి వెళ్ళాలి, వచ్చి బిళ్ళ ఇవ్వాలి. లోపల గడిపిన సమయం పోటీ సమయంలోంచి తీసేస్తారు. తీసెయ్యడానికి సమీర అని హైదరాబాదు నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ అమ్మాయి ఒక యాప్ తయారుచేసింది.

తొమ్మిదో నియమం మాత్రం నేను రెండు రాత్రులు ఆలోచించి రాశాను. “కంటితో చూచినది సాక్ష్యము కాదు. బిళ్ళయే సాక్ష్యము.” హాల్దార్ బాబు దాన్ని బెంగాలీలోకి మార్పించుకుని చదివి, లేచి నిలబడి నాకు కరచాలనం చేశారు.

ఇప్పుడు రాణి సంగతి చెప్పాలి.

రాణి మా సందులో సన్యాసమ్మ కూతురు. సన్యాసమ్మ శ్రీకాకుళం వైపు నుంచి పెళ్ళై వచ్చింది. భర్త మరియదాసు పోయాక ఆయన చీపురు ఆమె చేతికి వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళు వీధులు ఊడ్చింది, పబ్లిక్ దొడ్లు కడిగింది. సాయంత్రాలు ఒక ఈత క్లబ్బు కూడా ఊడ్చేది. ఆ మొహమాటం మీద క్లబ్బువాళ్ళు రాణిని నీళ్ళలో దిగనిచ్చారు. పిల్ల చేపలా తేలింది. ఈ పోటీలో మొదటి ముగ్గురికీ మండలి ఆఫీసులో క్రీడా కోటాలో గుమస్తా ఉద్యోగం. కుర్చీ, బల్ల, ఫ్యాను. రాణికి ఆ నెలాఖరుతో వయోపరిమితి దాటిపోతుంది. ఇంకో పోటీ అన్నది లేదు. మా ఇంటికి వచ్చి సన్యాసమ్మ ఒక్కటే చెప్పింది. “నాను సీపురు దించినప్పుడు దాన్ని ఎత్తడానికి మాయింట్లో మనిసి ఉండకూడదు బాబూ.”

పోటీ ఉదయం ఆరింటికి. ముఖ్య అతిథి ఏడూ నలభైకి వచ్చారు. ఈ మధ్యలో పోటీదారులు డీలా పడకూడదని, తలా రెండు డాబ్‌లు, అంటే లేత కొబ్బరి బొండాలు, పంచారు. తాగనివాళ్ళ పేర్లు రాసుకున్నారు. అతిథి వచ్చి, మరుగుదొడ్డికి కట్టిన రిబ్బను కత్తిరించి, పరిశుభ్రత గురించి పదిహేను నిమిషాలు మాట్లాడారు. ఆ తర్వాత ప్రారంభోత్సవ మర్యాద ప్రకారం మొదటి వినియోగం ఆయనదే అయింది. అతిథి కనుక బిళ్ళ తీసుకోలేదు. ఆయన లోపలున్న ఆరు నిమిషాలూ లోపల ఎవరూ లేరని నా రిజిస్టరు చెబుతుంది.

ఎనిమిదీ అయిదుకి అరవై ఒక్కమంది చెరువులోకి దూకారు. ఈత ముగిసి ఒడ్డెక్కేటప్పుడు అరవై మంది ముఖాలు ప్రశాంతంగా ఉన్నాయి. (అందరూ పైకొచ్చాక ఇంజనీరు కర్ర ముంచి చూస్తే మట్టం రెండంగుళాలు పెరిగింది. వాన పడిందని రాసుకున్నాం.) ఒక్క రాణి ముఖం మాత్రం బిగుసుకుని ఉంది. ఆ పిల్లకి చిన్నప్పటి నుంచి తల్లి నేర్పింది ఒకటే, మనం వదిలింది ఇంకొకరు కడగకూడదు అని. అదొక రోగంలా పట్టుకుంది దానికి. సైకిలంతా పళ్ళ బిగువున తొక్కింది. అయినా రెండో స్థానంలో వచ్చి దిగింది. దిగి, నియమావళిని నమ్మి, నా బల్ల దగ్గరకు పరిగెత్తుకొచ్చింది. ఆ ఉదయం నా దగ్గరకు వచ్చిన మొదటి మనిషీ చివరి మనిషీ అదే.

ఎనిమిదీ నలభై ఒకటి. బిళ్ళ నంబరు పదిహేడు. లోపలికి.

సరిగ్గా అప్పుడు ముఖ్య అతిథి ఫొటోగ్రాఫర్లతో నా బల్ల దగ్గరకొచ్చారు. అభిప్రాయం రాస్తానన్నారు. అభిప్రాయాల పుస్తకం ఎవరూ తేలేదు. హాల్దార్ బాబు నా రిజిస్టరే తీసి ఆయన ముందు పెట్టారు. ఆయన కలం మూత తీసి ఆకాశం వైపు చూస్తూ ఆలోచిస్తున్నారు. నిమిషం తిరక్కుండా రాణి బయటికొచ్చి బిళ్ళ చాపింది.

“మాఁవా, బిళ్ళ తీసుకో.”

రిజిస్టరు అతిథి చేతి కింద ఉంది. లాగడానికి నాకు ధైర్యం చాలలేదు. పిల్ల ఒంటికాలి మీద నిలబడి ఉంది, వెనక నుంచి ఇంకొకమ్మాయి సైకిలు దిగి పరుగందుకుంది. “ఎల్లమ్మా ఎల్లు, తర్వాత ఇద్దువుగాని” అన్నాను. నా జీవితంలో పద్ధతి తప్పి మాట్లాడిన మాట అదొక్కటే. రాణి బిళ్ళను నడుము పట్టీలో దోపుకుని పరిగెత్తింది. మూడోదిగా గీత దాటింది. సన్యాసమ్మ ఊడ్పు పని వదిలేసి వచ్చి గీత దగ్గర నిలబడి, కూతుర్ని పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

అరగంట తర్వాత ఫలితాల పలక కట్టారు. మూడో స్థానంలో ఇంకెవరిదో పేరు ఉంది. అడుగున విడిగా రాశారు, పదిహేడో నంబరు బిళ్ళ గల అభ్యర్థిని ఎనిమిదీ నలభై ఒకటి నుంచి మరుగుదొడ్డిలో ఉన్నారు అని.

నేను హాల్దార్ బాబు దగ్గరకు పోయి, ఆ అమ్మాయి ఇదిగో ఇక్కడే నిలబడి ఉంది కదా, బయటికి రావడం నా కళ్ళారా చూశాను కదా అన్నాను. ఆయన శాంతంగా నియమావళి తెరిచి తొమ్మిదో నియమం మీద వేలు పెట్టారు. కింద నా సంతకం ఉంది. ముప్ఫై నాలుగేళ్ళు నేను ఎందరికో ఇలాగే వేలు పెట్టి చూపించాను. పెట్టించుకోవడం ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. చాలా సిగ్గేసింది.

మరి గీత దాటిందెవరని అడిగాను. అదే తనకూ అర్థం కావడం లేదన్నారు ఆయన. రాణి లోపలుండగా రాణి నంబరు తగిలించుకుని పరిగెత్తిన గుర్తుతెలియని యువతి మీద ఆ మధ్యాహ్నమే ఒక ఫిర్యాదు తయారుచేశారు. ఆ యువతి ఆనవాళ్ళు చెప్పమని రాణినే అడిగారు.

పోనీ బిళ్ళ ఇప్పుడిచ్చేస్తుందన్నాను. హోబే నా, అన్నారు. (కుదరదని బెంగాలీలో. ఆ మాటను అంత మెత్తగా ఇంకెవరూ అనలేరు.) లోపలి నుంచి వచ్చేవారి దగ్గరే బిళ్ళ తీసుకోవాలి, బయట తిరిగేవారి దగ్గర తీసుకోకూడదు. అది ఏడో నియమం. అదీ నేనే రాశాను. కనుక రాణి మళ్ళీ లోపలికి వెళ్ళి బయటికి రావాలి. కాని పదకొండు గంటలకల్లా మరుగుదొడ్డిని లారీ మీద బడ్జ్ బడ్జ్ అనే ఊరికి పంపేశారు. అక్కడ ఏదో సభ ఉందట. కాగితాల ప్రకారం రాణి కూడా ఆ లారీలోనే వెళ్ళింది.

బడ్జ్ బడ్జ్‌లో మరుగుదొడ్డిలోకి వెళ్ళి రావడానికి అనుమతి కోసం అర్జీ పెట్టాం. ఇప్పటికే లోపలున్నవారికి లోపలికి వెళ్ళే అనుమతి ఎందుకని అర్జీ తిరిగొచ్చింది. మళ్ళీ పెట్టాం. ఈ లోపు మండలి రాణికి రెండు ఉత్తరాలు రాసింది, రెండూ మరుగుదొడ్డి చిరునామాకే. రెండిటిలోనూ, వేచి ఉన్న ఇతరుల సౌకర్యం దృష్ట్యా త్వరగా ముగించవలసిందని కోరారు. సన్యాసమ్మ మాత్రం రోజూ సాయంత్రం నా దగ్గరకొచ్చి, పిల్ల ఇంట్లో అన్నం తింటోంది కదా, లోపలుందంటారేమిటని అడిగేది. నేను ఏడో నియమం చదివి వినిపించేవాణ్ణి. ఆవిడ ఓపిగ్గా వినేది.

నలభై మూడో రోజున అనుమతి వచ్చింది. ముగ్గురం లోకల్ ట్రైనెక్కి వెళ్ళాం. ఒక గోదాము వెనక పెరట్లో మా నీలం మరుగుదొడ్డి ఉంది. తలుపు తీస్తే నిండా ప్లాస్టిక్ కుర్చీలు. కుర్చీలు దించాక లోపల ఎలా ఉందో నేను రాయను. రాణి అడుగు వెయ్యబోతే సన్యాసమ్మ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. కాపలాదారుణ్ణి బకెట్టు, చీపురు అడిగి తెచ్చుకుంది. చీర పైకి దోపి, పదిహేను నిమిషాలు కడిగింది. అప్పుడు పక్కకి జరిగి, ఇప్పుడెళ్ళు అని కూతురికి సైగ చేసింది. రాణి లోపలికెళ్ళి తలుపేసుకుని ఊరికే నిలబడి బయటికొచ్చింది. నేను బిళ్ళ తీసుకుని రిజిస్టరులో రాశాను. ఉదయం పదీ ఇరవై. బయటికి.

ఆ నిమిషం నాకెంతో సంతోషమేసింది. పద్ధతి పూర్తయింది కనుక ఇక న్యాయం జరుగుతుందనుకున్నాను.

సమీర ఆ లెక్క యాప్‌లోకి ఎక్కించింది. రాణి పోటీ మొత్తం యాభై రెండు నిమిషాలు. అందులోంచి మరుగుదొడ్డి సమయం నలభై మూడు రోజుల గంటా ముప్ఫై తొమ్మిది నిమిషాలు తీసెయ్యాలి. యాప్ చాలాసేపు తిరిగి ఆగిపోయింది. “అంకుల్, ఈ అమ్మాయి పోటీ మొదలవడానికి నలభై మూడు రోజుల ముందే ఫినిష్ చేసేసిందని చూపిస్తోంది” అంది సమీర.

అంటే మొదటి బహుమతి రాణిదే కదా అని నేను ఎగిరాను. హాల్దార్ బాబు క్యాలెండరు చూశారు. దరఖాస్తులు తీసుకోవడం పోటీకి ముప్ఫై రోజుల ముందు మొదలైంది. రాణి గీత దాటిన తేదీకి ఆమె అభ్యర్థే కాదు. కనుక గెలిచిందనడానికి వీల్లేదు. అయితే ఓడిపోయిందనడానికీ వీల్లేదని, అందుకు సంతోషించాలని ఆయన నాతో అన్నారు. ఈ లోపు వయోపరిమితి కూడా దాటిపోయింది.

కాని మండలికి మనసు లేదనడం అన్యాయం. పన్నెండో సమావేశంలో రాణి కేసు సానుభూతితో పరిశీలించారు. తీర్మానం కాగితాన్ని స్వయంగా అందించి సంతకం తీసుకురమ్మని నన్నే పంపారు. రాణి నిలబడే చదువుకుంది. కాగితాన్ని మడిచి తల్లి ఒళ్ళో పెట్టి, లోపలికి వెళ్ళి గోడ వైపు తిరిగి పడుకుంది.

ఏటి రాసేరని సన్యాసమ్మ అడిగింది. నేను కళ్ళద్దాలు పెట్టుకుని తెలుగు చేసి చెప్పాను. అభ్యర్థిని నలభై మూడు రోజులు నిరంతరాయంగా మరుగుదొడ్డిని అంటిపెట్టుకుని ఉన్నందున, ఆ అనుభవాన్ని గుర్తించి, మండలి వారి సంచార మరుగుదొడ్లు కడిగే పనికి తాత్కాలిక ప్రాతిపదికన ఆమెను నియమించడమైనది. ఈత, సైకిలు, పరుగులలో ఆమె ప్రతిభను అదనపు అర్హతగా పరిగణించడమైనది.

సన్యాసమ్మ కాగితం తిప్పి వెనక కూడా చూసింది. అక్కడేమీ లేదు.

“నాకైతే ఈత రాపోయినా ఇచ్చేసేరు బాబూ, ఈ పని” అంది.