హారాలు సమానం చేసిన రోజు

ఆ నవంబరు పదిహేడున ట్రైనీ మాస్టారు ఉడికీ ఉడకని గుడ్డొకటి తిని బడికి బయలుదేరాడు. బోధనాభ్యాస పరీక్ష అప్పటికే రెండుసార్లు తప్పాడు. "ఈసారీ పోయిందంటే మీ బావ టైర్ల కొట్లో కూర్చోవడమేరా" అని అక్క గుమ్మంలోనే దీవించింది.

పాఠం భిన్నాల కూడిక. ఆ నాలుగో తరగతి పిల్లలకు తెలిసిందల్లా పై అంకె, కింది అంకె. "కింది అంకె ఏమిటండీ, చక్కగా హారం అనండి" అని పరిశీలనకు వచ్చే లెక్చరరమ్మ కళాశాలలో మందలించింది. అందుకే ముందురోజు ఇంటిలెక్క ఇస్తూ, బడి వదిలే హడావిడిలో అతను కొత్త మాట వాడేశాడు: "ఎవరూ హారం మరిచిపోయి రాకండి! రేపు హారాలన్నీ సమానం చేద్దాం!"

ఎవరూ మరిచిపోలేదు. ముత్యాలవి, పూసలవి, బీరువా అడుగున దాచినవి, బల్లల నిండా హారాలే. వెనక బెంచీలో లెక్చరరమ్మ అప్పటికే కళ్లజోడు సవరించుకుంటోంది. ఏం చేయాలో తోచక, బట్టీపట్టిన పాఠం ప్రకారం బోర్డు మీద "హారాలను సమానం చేయుట" అని రాశాడు.

ముందు బెంచీ పిల్ల బుద్ధిమంతురాలు. తన హారం పక్కపిల్ల దానికన్నా పొడుగుందని చూసుకుని, కత్తెరతో సమానం చేసేసింది.

పూసలు గదంతా పరుగులు తీశాయి. "మేడం, కదలకండి!" అని అతను అరిచేసరికి ఏమిటోనని లెక్చరరమ్మ లేచింది. పూసల మీద కాలు జారి కూలబడడానికి అంతసేపు పట్టలేదు.

ఆమెను కుర్చీలోకి చేర్చారో లేదో, ఆ పిల్ల తల్లి గుమ్మంలో ప్రత్యక్షమైంది.

"హారాలు తెమ్మన్న మాస్టారు మీరేనా?"

"అమ్మా, హారం అంటే కింద ఉండేదండీ..."

"కింద ఏముంటే నాకెందుకయ్యా? నా మెడలోది ఏదీ?"

"ఇదిగోనమ్మా" అంది పిల్ల, గుప్పెడు పూసలు చూపిస్తూ. "నేనే ముందు చేశా."

తల్లి కూతుర్నీ, చెమటలు కక్కుతున్న మాస్టార్నీ మార్చి మార్చి చూసింది. తిట్టడానికి తెరిచిన నోరు మూసుకుని, కొంగు దోపి, పూసలేరడానికి కూర్చుంది.

సాయంత్రం లెక్చరరమ్మ తన ఇంటికి రమ్మని కబురు పెట్టింది. నడుముకి దిండు ఆనించుకుని ఉంది. అతనికి టైర్ల వాసన అప్పుడే ముక్కుకి తగిలింది.

"పాస్ చేస్తున్నానయ్యా."

"మేడం! పాఠం అంత బాగుందాండీ?"

"ఇంకోసారి చూడ్డానికి నా నడుం ఒప్పుకోదు."

బడికి తిరిగొచ్చి, ఆ పిల్ల తల్లి సగం గుచ్చి వదిలివెళ్లిన దారానికి మిగిలిన పూసలన్నీ గుచ్చి, చీకటి పడుతుండగా తరగతి తలుపు చప్పుడు కాకుండా మూశాడు. ఆ రోజు అతని చేతుల మీదుగా సవ్యంగా జరిగిన పని అదొక్కటే.