బల్లులకు జ్వరమొచ్చింది

ఆ ఉదయం జగ్గారావు వేసిన పథకం చిన్నదే. రైల్వే వాళ్ల ట్రాఫిక్‌ కాలనీలో మేడ మీది తన క్వార్టర్ ఏబెల్‌కిచ్చి, కింద ఏబెల్ ఉంటున్నది తను పుచ్చుకోవాలి. మోకాళ్ల నొప్పులతో భార్య కన్యకాంబ మెట్లెక్కలేకపోతోంది. మర్యాదగా అడిగితే ఏబెల్ కాదనేవాడు కాదు. కానీ తిన్నగా అడిగితే ఆయన మా ఆయనెలా అవుతాడని కన్యకాంబ మూతి తిప్పుకుంది.

కూతురు వెన్నెల కాలేజీలో జువాలజీ చదువుతోంది. బల్లులకూ మలేరియా వస్తుందనీ, ఆ క్రిమి వేరనీ, అది మనుషుల జోలికి రాదనీ టీ తాగుతూ చెప్పింది. జగ్గారావు మొదటి ముక్క మాత్రం పట్టుకుని కిందికి దిగాడు.

"నీ ఇంట్లో బల్లులకి మలేరియా అట, ఏబెల్. మా వెన్నెల సదువుకున్న పిల్ల, ఉత్తినే సెప్పదు. నీకు సంటిపిల్లలున్నారు. ఆ బాధేదో మేం పడతాం, ఇళ్లు మార్చేసుకుందాం."

ఏబెల్ హడలిపోయి ఒప్పుకున్నాడు. ఆఫీసువాళ్లూ సరేనన్నారు. సామాన్లు మారాయి. ఏం చెప్పి ఒప్పించాడో కన్యకాంబకు మాత్రం చెప్పలేదు.

ఏబెల్ తల్లి ఎస్తేరమ్మ ఆ సంగతి చర్చిలో చెప్పింది. అది బజారుకు చేరేసరికి బల్లి అరుపు విన్నా జ్వరమే అన్నారు. పాలవాడు గేటు దగ్గరే పాలు పెట్టి పరుగెత్తాడు. పక్కింటి బెంగాలీ దీదీ కిటికీలు మూసేసింది. ఏబెల్ ఖాళీ చేశాడు కనుక ఇప్పుడు జబ్బిల్లు జగ్గారావుదే.

పాలు పొంగించిన రోజున కన్యకాంబ గుండిగ నిండా పులిహోర కలిపింది. పిలిచినవాళ్లంతా ముక్కులకు గుడ్డలు కట్టుకుని వీధిలోనే నిలబడ్డారు. జగ్గారావుకు ఒళ్లు మండిపోయింది.

"బల్లి మలేరియా మనిషికి రాదర్రా. మా అమ్మాయి ఆ రోజే సెప్పింది" అని వీధంతా వినబడేలా అరిచాడు.

ఏబెల్ ముక్కు గుడ్డ విప్పాడు. "ఆ రోజే సెప్పిందా అన్నా? మరి నాకేటి సెప్పినావు?"

కన్యకాంబకు తల కొట్టేసినట్టయింది. కింది ఇల్లు ఆమెకెంత అవసరమో ఆమెకే తెలుసు. అయినా మొగుణ్ణి ఎగాదిగా చూసింది.

"ఎదవ తెలివీ నువ్వూనూ. తాళాలు ఇచ్చెయ్" అంది.

ఏబెల్ మళ్లీ తన గుమ్మంలో కాలు పెట్టాడు. పిలుపుకి వచ్చిన చర్చి పాస్టరుగారు ప్రార్థన చేశారు. జనమంతా లోపలికొచ్చి కూర్చున్నారు. పులిహోర బ్రహ్మాండంగా కుదిరిందని అందరూ ఏబెల్‌ను మెచ్చుకున్నారు.