ఎవరూ లేని చోటు

ఆ శనివారం ఉదయం దైవాశీర్వాదం వేసుకున్న పథకం చిన్నది. అమెరికాలో తాముండే ప్లెయిన్స్‌బరో నుంచి గంట ప్రయాణం, అడవిలో ఒక మధ్యయుగపు క్రైస్తవ మఠం శిథిలాలు, ఒక ఫోటో, తిరుగు ప్రయాణం. ఎవరో సంపన్నుడు ఐరోపాలో ఆ మఠాన్ని కొని, రాళ్లు విప్పించి, ఓడలో తెప్పించి, సగం నిలబెట్టి కన్నుమూశాడు. అలా అది రెండోసారి శిథిలమైంది.

ఆఫీసు కెమెరా క్లబ్ మూడేళ్లుగా అతని ఫోటోలను తిప్పి పంపుతోంది. "ఎందులో చూసినా మీ బంధువులే" అన్నాడు అధ్యక్షుడు. 1984 ప్రదర్శనకు వచ్చే శుక్రవారం గడువు. మనిషి జాడ లేని ఒక్క చిత్రం తీయగలనా అన్నది అతనికి ఫోటోగ్రఫీని మించిన ప్రశ్న అయింది. శీర్షిక ముందే క్లబ్బుకు రాసిచ్చాడు: 'ఎవరూ లేని చోటు'.

విమలకుమారి పట్టుచీరలో వచ్చి కారెక్కింది.

"నువ్వు ఫోటోలో ఉండవు" అన్నాడు భర్త.

"ఉండనులెండి. మన సంఘంలో మణికి ఫోన్ చేశాను, వాళ్లూ వస్తారట."

"ఏమని చెప్పావు?"

"పాత చర్చి దగ్గర ఫోటోలు తీస్తున్నారని."

అక్టోబరు నెలలో, తెలుగు సంఘంలో, చర్చి దగ్గర ఫోటో అంటే ఒకటే అర్థం: క్రిస్మస్ కార్డులతో స్వదేశంలో ఇంటికి పంపే గ్రూప్ ఫోటో. వీళ్లు చేరేసరికి అక్కడ ఆరు కార్లున్నాయి. మణి భర్త సుందర్ రాజ్ కోటు తొడుక్కుని, కమాను కింద అందరినీ ఎత్తుల వారీగా నిలబెడుతున్నాడు.

"రండి బ్రదర్! పొట్టివాళ్లు ముందుకి, ముందుకి!"

"ఇది గ్రూప్ ఫోటో కాదండీ. ఉత్త రాళ్లు తీయాలి."

"రాళ్లెక్కడికి పోతాయి? ఎనిమిదొందల ఏళ్లు ఆగాయి, లంచ్ దాకా ఆగవా?"

దైవాశీర్వాదం కెమెరా ఎత్తాడు. గ్రూపు తరువాత కుటుంబాలు, కుటుంబాల తరువాత జంటలు. సన్యాసులు ప్రార్థించిన రాతిబల్ల మీద పులిహోర గిన్నె వెలిసింది. "అన్నయ్యగారూ, కళ్లు మూసేశాను, ఇంకోటి తీయరూ" అంది మణి, నాలుగుసార్లు. ముప్పై ఆరు ఫోటోల రీలులో ఒక్కటి మిగిలినప్పుడు అతను అరచేత్తో లెన్సు మూశాడు.

"ఇది ఇవ్వను. అందరూ నా వెనక్కి రండి."

ఆ గొంతుకు అతనే ఉలిక్కిపడ్డాడు. కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని అందరూ కార్ల దాకా వెనక్కి నడిచారు. గోడ పక్కన ఒక తల మాత్రం మిగిలింది.

"బ్రదర్, కనిపిస్తున్నానా?"

"కనిపిస్తున్నారు!"

"ఇప్పుడో?"

"సుందర్ రాజ్ గారూ!"

అప్పటికి సాయంత్రం అయిదు. పొద్దు అతని వీపు వెనక వాలుతోంది. ఏ మూల నుంచి ఎవరు దూరతారోనని చిత్రం నాలుగు అంచులనే కాపలా కాశాడు. ఎవరూ రాలేదు. నొక్కాడు.

గురువారం ఫోటోలు వచ్చాయి. ముప్పై అయిదింటిలో అధ్యక్షుడు చెప్పే 'బంధువులు'. ముప్పై ఆరోదానిలో ఖాళీ కమాను; దాని నడిమధ్యన, నేల నుంచి గోడ మీదికి పాకి, మోచేతులు చాచిన అతని నీడ. అందరినీ పంపించినవాడికి తనను పంపించాలని తోచలేదు. అయినా మరునాడు క్లబ్బులో ఇచ్చాడు.

"అందర్నీ పొమ్మని మీరొక్కరే దిగారా?" అంది విమలకుమారి.

వారానికి ఫోటో తిరిగి వచ్చింది. వెంట అధ్యక్షుడి చీటీ: 'ఈసారి ఒక్కరే. అభివృద్ధి కనిపిస్తోంది.'