ముక్కుకు అర అంగుళం దూరంలో

గ్రామీణ ప్రజలు తగినంతగా ఆశ్చర్యపోవడం లేదని పైవాళ్లు కనిపెట్టారు. రోడ్లు, నీళ్లు, కరెంటు వగైరాల్లో ఊళ్లు ఎంతో కొంత ముందుకు పోతున్నా, ఆశ్చర్యం విషయంలో మాత్రం బాగా వెనకబడి ఉన్నాయని ఒక సర్వేలో తేలింది. (సర్వే ఎవరు చేశారో, ఎవరిని అడిగారో ఎవరికీ తెలియదు. తెలియనందుకు ఎవరూ ఆశ్చర్యపోలేదు కూడా. అంటే సర్వే నిజమే.) ఈ లోటు పూడ్చడానికి ‘నిత్య విస్మయం’ అనే పథకం పుట్టింది. దానికొక విభాగం, ఆ విభాగానికొక విస్మయాధికారి, ఆయనకొక జీపు, అన్నిటికంటే ముందు ఫోన్లోకి ఒక యాప్ వచ్చాయి.

పథకం చాలా తేలిక. ప్రతి ఊళ్లో పంచాయతీ ఆఫీసు ముందు ఒక బోర్డు ఉండాలి. దాని మీద రోజూ పొద్దున ‘మీకు తెలుసా?’ అని పెద్దక్షరాలతో రాసి, కింద నిత్యజీవితానికి పనికొచ్చే వింత సంగతి ఒకటి రాయాలి. అది చదివి ఆశ్చర్యపోతున్న పౌరుణ్నో పౌరురాలినో పక్కన నిలబెట్టి, ఫొటో తీసి, తొమ్మిది గంటల లోపు యాప్‌లోకి ఎక్కించాలి. ఈ పని పంచాయతీ కార్యదర్శిది. ఇంటి పన్ను, మోరీలు, మొక్కలు, వీధి దీపాలు, వీధి కుక్కలు ఎలాగూ ఆయనవే కాబట్టి, ఒక్క ఆశ్చర్యాన్ని మరొకరికి అప్పగించడం బాగుండదనుకున్నారు.

కేతేపల్లి దాటి ఆటోలో పోతే వచ్చే ఎర్రబండగూడేనికి నాగేందర్ కార్యదర్శి. ఉద్యోగంలో చేరేటప్పుడు కొన్నాళ్లు ప్రొబేషన్ అనీ, ఆ తర్వాత పర్మనెంటు అనీ చెప్పారు. కొన్నాళ్లు అయిపోయాక ఇంకొన్నాళ్లు అన్నారు. ఆ ఇంకొన్నాళ్లు కూడా అయిపోయి, ఇక పొడిగించడానికి సాకు దొరక్క పైవాళ్లు తల పట్టుకున్న సమయంలో దేవుడు పంపినట్టు ఈ పథకం వచ్చింది. విస్మయంలో నిర్ణీత మార్కులు తెచ్చుకున్న కార్యదర్శులను ఉగాదికి పర్మనెంటు చేస్తామని ఉత్తర్వు వెలువడింది.

నాగేందర్‌కు పర్మనెంటు మీద అంత మోజేమీ లేదు. అతనికి కావలసింది బదిలీ, పర్మనెంటు కానిదే బదిలీ అడగకూడదు. అతని భార్య నాగరాణి మేళ్లచెరువు వైపు ఒక దవాఖానలో నర్సు. మూడేళ్ల కూతురు సుస్మిత ఆమె దగ్గరే ఉంటుంది. పథకం రాకముందు నాగేందర్ ప్రతి శనివారం సాయంత్రం బస్సెక్కి వెళ్లి, సోమవారం తెల్లారేసరికి తిరిగొచ్చేవాడు. ఇప్పుడు ఆదివారం కూడా సంగతి రాయాలి (ఆదివారం నాడు ప్రజలు ఆశ్చర్యపోరాదని ఏ చట్టంలోనూ లేదని విభాగం వివరణ ఇచ్చింది). పైగా ఊరి పొలిమేర దాటి తీసిన ఫొటోను యాప్ ముట్టుకోదు. అందువల్ల తండ్రీకూతుళ్లు వీడియో కాల్లోనే ఒకరినొకరు చూసుకుంటున్నారు.

నాగరాణి సణిగే మనిషి కాదు. ఒకసారి మాత్రం అంది. “పొల్ల ఫోను పట్టుకొని నాయిన, నాయిన అంటాంది. నువ్వు ఫోన్ల లేనప్పుడు గూడ ఫోన్‌నే నాయిన అంటాంది. జర జల్ది పర్మనెంటు గా.” నాగేందర్ సరేనన్నాడు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏ పనీ చేయబుద్ధి కాలేదు. ఆ విధంగా ఒక మనిషి కాపురం, ఆక్టోపస్‌కు ఎన్ని గుండెలున్నాయన్న దాని మీద ఆధారపడింది.

మూడు ఉన్నాయి. మొదటి రోజు అతను రాసింది అదే. అయితే యాప్‌లో ‘ఉపయోగం’ అని ఒక గడి ఉంది, అది నింపకపోతే ముందుకు పోదు. చాలా ఆలోచించి ‘ఆక్టోపస్ ఎదురైనప్పుడు తగు జాగ్రత్త తీసుకోవచ్చు’ అని రాశాడు. ఎర్రబండగూడెంలో ఉన్నది ఒక్క కుంట. అందులో నీళ్లు చూసినవాళ్లు ఇంకా బతికే ఉన్నారు గానీ ఆక్టోపస్‌ను చూసినవాళ్లు లేరు. యాప్ మార్కు వేసింది.

కానీ ఆ మార్కు నిలవాలంటే ఫొటో కూడా పాసవ్వాలి, చిక్కంతా ఫొటోతోనే వచ్చింది. ఆశ్చర్యాన్ని స్థానిక సంప్రదాయం ప్రకారం ముక్కున వేలేసుకుని చూపాలని మార్గదర్శకాల్లో ఉంది. ముక్కున వేలేసుకుంటే ముక్కు కనబడదు. ముక్కు కనబడకపోతే అది మనిషి ముఖమని యాప్ ఒప్పుకోదు. వారం రోజుల పాటు జిల్లాలోని ఆశ్చర్యమంతా వృథా అయింది. చివరికి విభాగం ఒక మెమో పంపింది. వేలిని ముక్కుకు అర అంగుళం దూరంలో నిలపవలెను, ఆశ్చర్యపు తీవ్రతను బట్టి ఈ దూరాన్ని పెంచుట గాని తగ్గించుట గాని చేయరాదు.

ఇంత క్రమశిక్షణతో ఆశ్చర్యపోవడానికి ఊళ్లో ఎవరూ ముందుకు రాలేదు. కుర్రాళ్లు ఆ సంగతులన్నీ నిన్ననే ఫోన్లో చూశామన్నారు. పెద్దవాళ్లు ‘అయితే ఏంది?’ అన్నారు. ఆదుకున్నది ఆఫీసు ఎదురింటి గుర్వమ్మ ఒక్కతే. ఆమెకు గొర్రెల మంద ఉంది, మోకాళ్ల నొప్పులున్నాయి, ఆశ్చర్యం మాత్రం లేదు. కరువులు చూసింది, వరదలు చూసింది, ముగ్గురు కోడళ్లను చూసింది. ఇక ఆశ్చర్యపోవడానికి ఏం మిగులుతుంది? అయినా పిల్లగాడు ఇల్లొదిలి వచ్చి ఒంటరిగా ఉంటున్నాడని జాలిపడి, రోజూ గొర్రెలను తోలుకుపోయే ముందు బోర్డు పక్కన నిలబడి వేలు పెట్టేది. ఎంతసేపు పెట్టాలో మాత్రం అడిగేది. యాప్ ఆమె ఆశ్చర్యానికి నూటికి ముప్పై అయిదు వేసేది. పాసు.

ఒకనాడు విస్మయాధికారి బాలస్వామి గారు ఆకస్మిక తనిఖీకి వచ్చారు (వస్తున్నట్టు వారం ముందే మెమో వచ్చింది, భోజనంలోకి నాటుకోడి అన్న సూచనతో సహా). ఆయన జేబులోంచి స్కేలు తీసి, గుర్వమ్మ ముక్కుకూ వేలికీ మధ్య దూరం కొలిచి తృప్తిపడ్డారు. ఆ తర్వాత, ఈ పథకం వల్ల నీ జీవితంలో ఏమైనా మార్పు వచ్చిందా అని అడిగారు.

“వచ్చింది సారూ,” అంది గుర్వమ్మ. “ఇంతకుముందు లేవంగనే గొర్ల కాడికి పోయేదాన్ని. ఇప్పుడు ఫొటో దిగి పోతున్న.”

బాలస్వామి గారు ‘లబ్ధిదారు జీవనశైలిలో స్పష్టమైన మార్పు’ అని రాసుకుని, నాటుకోడి వైపు నడిచారు.

అసలు కష్టం చలికాలం పోయాక మొదలైంది. ఒక ఊరు పంపిన సంగతిని జిల్లాలో మరో ఊరు పంపకూడదు. రోజుకు ఊరికొకటి చొప్పున జిల్లా అంతా తవ్వితే ఎంత విజ్ఞానమైనా ఎన్నాళ్లుంటుంది? ఉల్లిగడ్డను కాసేపు చల్లని నీళ్లలో ఉంచి కోస్తే కళ్లు అంతగా మండవన్నది మొదటి వారంలోనే పోయింది. బిగుసుకుపోయిన జిప్పుకు కొవ్వొత్తి రుద్దడం, తడిసిన బూట్లలో పాత పేపరు కుక్కడం సంక్రాంతి లోపే అయిపోయాయి. తేనె చెడిపోదన్న సంగతి కోసం రెండు ఊళ్ల కార్యదర్శులు మాట్లాడుకోవడం మానేశారు. బియ్యం డబ్బాలో ఎండుమిరపకాయలు వేస్తే పురుగు పట్టదని నాగేందర్ ఒక పొద్దున రాసి పంపేసరికి, పక్క ఊరి కార్యదర్శి ఇస్రాయేలు అప్పటికే పంపేశాడని తేలింది. నాగేందర్ గుండె రాయి చేసుకుని ఎండుమిరపను పచ్చిమిరపగా మార్చి పంపాడు. యాప్ మార్కు వేసింది. దానివల్ల ఊళ్లో ఎవరి బియ్యమూ పాడవలేదు, బోర్డును ఎవరూ చదవరు కాబట్టి.

అయినా ఆ రోజంతా అతనికి మనసు మనసులో లేదు. సాయంత్రం నాగరాణికి ఫోన్ చేసి, జనానికి అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాడు. ఆమె ముందు ఎవరైనా చచ్చారా అని అడిగింది. (నర్సులు అన్నిటికీ ముందు అదే అడుగుతారు.) లేదని తెలుసుకుని, ఇంకెన్ని మార్కులు కావాలని అడిగింది. ఒక్కటే, ఉగాది ముందు రోజు వరకే గడువని చెప్పాడు. ఆమె బీరువాలో అతని బట్టలకు ఇప్పుడే ఒక అర ఖాళీ చేస్తానంది. ఆ మాటకు అతనికి కడుపు నిండింది, భయం కూడా వేసింది.

ఆఖరి రోజు వచ్చింది, ఆ ఒక్క మార్కు మాత్రం ఇంకా రాలేదు. అరటి, అరిటాకు, చీమ, చింతపండు, సబ్బు, సున్నం, ఏది టైపు చేసి చూసినా ‘ఇదివరకే నమోదైంది’ అని యాప్ తిప్పి కొట్టింది. ఎనిమిదిన్నర దాటింది. గుర్వమ్మ ఎప్పటిలాగే వచ్చి బోర్డు పక్కన నిలబడింది. బోర్డు మీద ‘మీకు తెలుసా?’ తప్ప ఏమీ లేదు. నాగేందర్ సుద్దముక్క చేత్తో పట్టుకుని గడప మీద కూలబడ్డాడు.

“ఏమైంది బిడ్డా? ఇయ్యాల ఏం లేదా?”

“ఏం లేదవ్వా. గిది పోకపోతే నా నౌకరి పర్మనెంటు గాదు.”

“ఏం నౌకరి?”

“గిదే. సెక్రెటరీ నౌకరి.”

గుర్వమ్మ అతన్ని కింది నుంచి మీదికి చూసింది. “నీది సర్కారు నౌకరి గాదా?”

“ఇంక గాలేదవ్వా.”

“మరి గిన్నేండ్లు మోరీలు తీపిచ్చినవు, పన్ను వసూలు జేసినవు, కుక్కలు పట్టిచ్చినవు, నన్ను రోజు ఫొటో దించినవు. గదంత ఎవలి పని జేసినవు?”

“సర్కారుదే,” అన్నాడు నాగేందర్.

అప్పుడు, కరువులకు, వరదలకు, ముగ్గురు కోడళ్లకు లేవని గుర్వమ్మ చెయ్యి తనంతట తానే పైకి లేచింది. నోరు తెరుచుకుంది, కనుబొమలు కొంగు కిందికి పోయాయి, వేలు ముక్కు దాకా పోయి, అలవాటు కొద్దీ అర అంగుళం దూరంలో ఆగింది. నాగేందర్ ఒక్క గెంతున లేచి బోర్డు మీద రాశాడు: ‘మీకు తెలుసా? మీ ఊరి కార్యదర్శి ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు.’ ఉపయోగం గడిలో ‘పిల్ల తండ్రిని గుర్తుపడుతుంది’ అని నింపాడు. ఫొటో తీసి ఎక్కించాడు.

యాప్ కాసేపు గిరగిరా తిరిగింది. గుర్వమ్మ వేలు దించకుండా అలాగే నిలబడి ఉంది. ఆశ్చర్యానికి నూటికి నూరు పడ్డాయి. అంతకుముందు ఏ ఊళ్లోనూ పడలేదు. నాగేందర్ నాగరాణి నంబరు నొక్కబోతుండగా తెర మీద ఇంకొక వాక్యం వచ్చింది.

‘ఈ సంగతి జిల్లాలోని మిగతా అన్ని గ్రామాల నుంచి ఈ ఉదయమే అందినది. కావున ఇందులో ఆశ్చర్యపడవలసినది ఏమీ లేదు.’