సింగారమ్మ హోటలుకు మూడు సున్నాలు

ఒక పెద్ద అడవికి డిమ్ సమ్ పిచ్చి పట్టుకుంది.

తూర్పు సముద్రం అవతలి నుంచి వలస వచ్చిన కొంగలు రెండు చలికాలాలు అక్కడ గడిపి, పోతూ పోతూ ఆ వంట నేర్పి పోయాయి. పల్చటి పిండి రేకులో కూర పెట్టి, పొట్లంలా మడిచి, వెదురు బుట్టలో ఆవిరి మీద ఉడికిస్తారు. బుట్టకి నాలుగు. పక్కన వేడి వేడి టీ. చూడ్డానికి మన కుడుముకి దూరపు చుట్టంలా ఉంటుంది. జీవాలన్నీ మొదట అనుమానంగా చూశాయి, తర్వాత ఒక్కటి నోట్లో వేసుకున్నాయి, ఆ తర్వాత పొద్దున లేస్తే అదే ధ్యాస.

ఏడాది తిరిగేసరికి అడవిలో నాలుగు హోటళ్లు వెలిశాయి. నాలుగూ తిరిగి, బుట్ట బుట్టా రుచి చూసి, ఎక్కడేం బాగుంటుందో చెప్పగల ఘనుడు మాత్రం ఒక్కడే. ముళ్లపంది గవరయ్య. నాలిక మీద ఆయనకున్న నమ్మకం దేవుడి మీద కూడా లేదు.

అడవిపంది బలభద్రం నడిపే 'మహారాజా డిమ్ సమ్ ప్యాలెస్' పెద్ద కొండ దగ్గరుంది. అక్కడ పిండి రేకు చెప్పు అడుగంత మందం. "లోపల ఏం పెట్టావయ్యా?" అని గవరయ్య ఒకసారి అడిగాడు. "అడవిలో ఆ మాట అడక్కూడదు మావా, ఎవరి బంధువులో ఏమో" అన్నాడు బలభద్రం. గవరయ్య ఆ బుట్ట అలాగే వదిలేసి వచ్చాడు.

నెమలి హోటల్లో పెద్ద తామరాకు మీద ఒకే ఒక్క డిమ్ సమ్, దాని చుట్టూ ఏడు రకాల పూలు. చూసినంతసేపు పట్టదు తినడానికి. కొండముచ్చు హోటల్లో ఇరవై ఆరు రకాలు: ఆవకాయ డిమ్ సమ్, గోంగూర డిమ్ సమ్, బిరియానీ డిమ్ సమ్, ఉపవాసం ఉన్నవాళ్లకి సగ్గుబియ్యం డిమ్ సమ్. ఇరవై ఆరూ ఒకే రుచి.

ఇక నాలుగోది వాగు ఒడ్డున పొలుసుల జంతువు అలుగు సింగారమ్మది. పేరు లేదు, బోర్డు లేదు. మూడే మూడు బల్లలు. రోజుకి నలభై బుట్టలు చేసి పొయ్యి ఆర్పేస్తుంది. లేత వెదురు కొమ్ము, పుట్టగొడుగు, కాస్త అల్లం. రేకు ఎంత పల్చనంటే లోపలి పుట్టగొడుగు బయటికి కనిపిస్తుంది. మొదటిసారి తిన్నప్పుడు గవరయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిరి వల్ల అని అందరికీ చెప్పాడు.

రుచి ఒక్కటే కాదు, ఇంకో సంగతి ఉంది. ముళ్లపంది పక్కన ఎవరూ కూర్చోరు. పెళ్లికెళ్లినా పేరంటానికెళ్లినా చుట్టూ నాలుగు గజాలు ఖాళీ వదిలి కూర్చుంటారు. సింగారమ్మకి ఒంటి నిండా పొలుసులాయె, ముళ్లంటే లెక్కలేదు. పొద్దున్నే రద్దీ లేని వేళ టీ పట్టుకొచ్చి ఆయన పక్కనే కూలబడి, "తిను అన్నయ్యా, చల్లారిపోతే రాయి" అనేది. అడవి మొత్తంలో గవరయ్యకి పక్కన ఒకరు కూర్చునే చోటు అదొక్కటే.

అలాంటి సమయంలో అడవి సభకి ఒక ఆలోచన వచ్చింది. సభకి ఆలోచన వచ్చినప్పుడల్లా ఎవరికో ఒకరికి మూడుతుంది.

సభాధ్యక్షుడు ఏనుగు దిగ్గజంగారు టేకాకు మీద ఉత్తర్వు రాయించారు. 'అడవిలో ఉత్తమ డిమ్ సమ్ ఏదో తేల్చుటకు రుచి నిర్ధారణ సంఘం'. సభ్యులు ముగ్గురు. గవరయ్య, పూర్వం పాఠశాల నడిపిన గుడ్లగూబ విశారదరావు మాస్టారు, ఎలుగుబంటి పేరిందేవి. నాలుగు హోటళ్లూ తిరిగి నూటికి మార్కులు వేసి, ఆకు మడిచి కుండలో వెయ్యాలి. ఎవరెంత వేశారో ఒకరికొకరు చెప్పుకోకూడదు. ముగ్గురూ ఉత్తర్వు మీద సంతకాలు చేశారు. ఆకు వెనక కూడా ఏదో రాసి ఉంది కానీ, సంతకం పెట్టే చోటు ముందువైపే కదా, తిప్పే పని పడలేదు.

ఆ పూట గవరయ్యకి బెంగ పట్టుకుంది. నిజం రాస్తే సింగారమ్మ హోటలుకి మొదటి బహుమతి ఖాయం. బహుమతి వస్తే అడవంతా వాగు ఒడ్డుకే వస్తుంది. మూడు బల్లల మీద ముప్ఫై జింకలు ఎక్కి కూర్చుంటాయి. ఇక తన పక్కన ఆవిడ కూర్చోవడం ఎక్కడ, టీ ఎక్కడ?

'ఊహూ, కుదరదు' అనుకున్నాడు.

సంఘం బయల్దేరింది. బలభద్రం హోటల్లో పేరిందేవి ఒక డిమ్ సమ్ నోట్లో వేసుకుని పావుగంట నమిలింది. "ఏమంటారు వదినగారూ?" అని అడిగాడు గవరయ్య.

"అద్భుతం. ఇంకా లోపలికి పోలేదు" అంది పేరిందేవి.

విశారదరావు మాస్టారు కళ్లు మూసుకుని, "దీనిలో గాంభీర్యం ఉంది" అన్నాడు. ఆయన పగలు ఏం చేసినా కళ్లు మూసుకునే చేస్తాడు.

సింగారమ్మ దగ్గర మాత్రం ముగ్గురూ ముక్తసరిగా ఉన్నారు. "ఫరవాలేదు" అంది పేరిందేవి, తొమ్మిదో బుట్ట ఖాళీ చేస్తూ. "మామూలే" అన్నాడు మాస్టారు, ఆ ఒక్క చోటే రెండు కళ్లూ బాగా తెరిచి. గవరయ్య తలవంచుకుని తిన్నాడు. "ఏం అన్నయ్యా, ఒంట్లో బాగాలేదా?" అని సింగారమ్మ అడిగితే ఇంకో బుట్ట ముందుకు లాక్కున్నాడు.

సాయంత్రం కుండ ముందు కూర్చుని బలభద్రానికి వంద వేశాడు. ఆ హోటలు అడవికి రెండో కొసన ఉంది, జనం అటు పోతే వాగు ఒడ్డు ప్రశాంతంగా ఉంటుంది. సింగారమ్మ పేరు పక్కన సున్నా చుట్టాడు. సున్నా చుట్టడం అంత కష్టమని ఆయనకి అంతవరకూ తెలీదు. తనొక్కడు వేస్తే ఏమవుతుందిలే, మిగతా ఇద్దరూ నిజాయితీగా వేస్తే మధ్యస్థంగా నిలబడుతుంది, రెండో మూడో స్థానం వస్తుంది, చాలు అని సర్దిచెప్పుకున్నాడు.

మర్నాడు సభలో దిగ్గజంగారు ఆకులు విప్పారు.

"మహారాజా డిమ్ సమ్ ప్యాలెస్: వంద, వంద, వంద."

బలభద్రం కూడా ఉలిక్కిపడ్డాడు.

"వాగు ఒడ్డు సింగారమ్మ: సున్నా, సున్నా, సున్నా."

గవరయ్య తల తిప్పి మాస్టారి వైపు చూశాడు. మాస్టారు పేరిందేవి వైపు చూశాడు. పేరిందేవి కొండ వైపు చూసింది. ముగ్గురూ ఒకే చోట దొంగతనానికొచ్చి గుమ్మంలో గుద్దుకున్నట్టయింది వ్యవహారం.

"ఉత్తర్వు వెనకవైపు రాసిన ప్రకారం," అని దిగ్గజంగారు గొంతు సవరించుకున్నారు, "మొదటి హోటలుకి బంగారు రంగు బోర్డు. చివరి హోటలు మాత్రం తన మార్కులు ఎర్రమట్టితో బోర్డు మీద రాసి ఏడాది పాటు గుమ్మానికి వేలాడదీయాలి. అమాయక ప్రాణులు మోసపోకుండా."

సింగారమ్మ బోర్డు వీపు మీద పెట్టుకుని వెళ్లిపోయింది. గవరయ్యకి సిగ్గుతో ముళ్లన్నీ వాలిపోయాయి.

మర్నాడు పొద్దున్నే క్షమాపణ చెప్పుకుందామని వాగు ఒడ్డుకి బయల్దేరాడు. దారి మధ్యలోనే ఆగాల్సొచ్చింది. వరస! మలుపు దగ్గర మొదలై వాగు దాకా ఒకటే వరస. జింకలు, కోతులు, ఉడతలు, కొండచిలవ కూడా తన పొడవంతా వరసలో పరిచి నిలబడింది.

"ఏమిటిదంతా?" అని ముందున్న కుందేల్ని అడిగాడు.

"తెలీదా బాబాయ్? ఇక్కడ మూడు సున్నాలొచ్చాయట!"

"సున్నాలొస్తే రాకూడదు కదమ్మా?"

కుందేలు ఆయన్ని జాలిగా చూసింది. "నిరుడు సభవారు ఉత్తమ బాట అని బహుమతి ఇచ్చిన దారిలో మా మావయ్య కాలు విరిగింది. ఉత్తమ వైద్యుడని శాలువా కప్పిన నక్కగారి దగ్గరికెళ్లిన కోడి ఇంకా ఇంటికి రాలేదు. అప్పట్నుంచీ సభవారి జాబితా మేం కిందనుంచే చదువుతాం. ఒక్క సున్నా వచ్చినా వెళ్లి చూస్తాం. మూడొచ్చాయంటే ఇక చెప్పేదేముంది!"

గవరయ్య వెనక్కి తిరిగి చూస్తే, మొహానికి అరిటాకు అడ్డం పెట్టుకుని నిలబడిన ఎలుగుబంటి కనిపించింది. ఆవిడ వెనక చెట్టుకొమ్మ మీద మాస్టారు.

"వదినగారూ, మీరేంటి ఇక్కడ?"

"మళ్లీ పరీక్షిద్దామని" అంది పేరిందేవి. తర్వాత ఆకు దించేసింది. "ఏడాదిగా రోజూ మధ్యాహ్నం ఇక్కడే తింటున్నానయ్యా. నలుగురికీ తెలిస్తే నాకు మిగలదని సున్నా వేశాను."

"నేను సాయంత్రాలు" అన్నాడు మాస్టారు కొమ్మ మీంచి.

మధ్యాహ్నానికి గవరయ్య వంతు వచ్చింది. సింగారమ్మ చేతులు పిండిలో, చూపు పొయ్యి మీద ఉన్నాయి. "చెల్లెమ్మా, ఆ సున్నాల్లో ఒకటి నాదే. నువ్వు నా పక్కన కూర్చోవడం మానేస్తావని భయపడి వేశాను" అని చెప్పేశాడు.

ఆవిడ ఒక్క క్షణం చూసి పకపకా నవ్వింది. పొలుసులన్నీ గలగలలాడాయి. "ఆ మాట ముందే నాతో చెప్తే కొత్తవాళ్లకి తలుపు మూసేసుకునేదాన్ని కదయ్యా! ఇప్పుడు చూడు, ఈ ఒక్క రోజుకే నాలుగొందల బుట్టలు. గోళ్లు అరిగిపోతున్నాయి. సున్నా చుట్టినవాడివి నువ్వే, ఈ జనాన్ని నువ్వే తగ్గించు."

ఎలా తగ్గిస్తాడు? ఏడాది పాటు ఆలోచించాడు. ఆ ఏడాదంతా సింగారమ్మ కూర్చోలేదు. బంగారు బోర్డు వేలాడే మహారాజా ప్యాలెస్‌లో బలభద్రం ఈగలు తోలుకున్నాడు.

మళ్లీ సంఘం బయల్దేరే రోజు రానే వచ్చింది. బలభద్రం ఎదురొచ్చి గవరయ్య కాళ్ల మీద పడబోయి, ముళ్లు చూసి ఆగిపోయాడు. "మావా, ఆ వందలు నన్ను ముంచాయి. ఈసారి దయచేసి నాకు సున్నా వేయించు. ఇదిగో, తిని చూడు, ఎంత చండాలంగా ఉందో నువ్వే చెప్పు!"

గవరయ్య తిన్నాడు. బలభద్రం మాటలో అబద్ధం లేదు. తింటూ తింటూ ఉండగా ఆయన మొహం మెల్లగా వెలిగింది. మాస్టారినీ పేరిందేవినీ పక్కకి పిలిచి చెవిలో ఓ మాట ఊదాడు.

ఆ సాయంత్రం సభ చరిత్రలో మొట్టమొదటిసారి, అది కూడా స్వార్థం కొద్దీ, ముగ్గురు సభ్యులూ నిజమైన మార్కులు వేశారు. సింగారమ్మకి మూడు వందలు. బలభద్రానికి మూడు సున్నాలు. వాగు ఒడ్డున బంగారు బోర్డు ఎక్కింది.

"అయ్యో, సింగారమ్మ కూడా సభవారితో కలిసిపోయిందే!" అని కుందేలు బాధపడింది. వారం తిరక్కుండా వరస మొత్తం పెద్ద కొండ దగ్గరికి మారిపోయింది. మహారాజా ప్యాలెస్ ముందు జింకలు, కోతులు, ఉడతలు దవడలు పట్టుకుని నములుతూనే ఉన్నాయి. "ఇంత గట్టిగా ఉందంటే ఇదే అసలు సిసలైన డిమ్ సమ్ అన్నమాట" అని ఒకరికొకరు చెప్పుకుంటున్నాయి.

వాగు ఒడ్డున సింగారమ్మ నలభై బుట్టలు దించి, టీ పట్టుకొచ్చి గవరయ్య పక్కన కూలబడింది. అవతలి బల్ల దగ్గర పేరిందేవి తొమ్మిదో బుట్ట తెరిచింది. మాస్టారు కళ్లు తెరుచుకుని తింటున్నాడు.

నీతి: మనకి నచ్చిన హోటలు జనం కంట పడకూడదంటే, సభ చేత దానికి మొదటి బహుమతి ఇప్పించాలి.