ఆటు రద్దు చేసిన మేయరు

మా ఊరి ఏట్లో ఇకమీదట ఆటు ఉండదని మేయర్ లగ్దమెయో గారు ప్రకటించారు. "అభివృద్ధికి వెనకడుగు లేదు. మన ఏటికి మాత్రం ఎందుకుండాలి?" అన్నారు. నేను మునిసిపల్ బ్యాండులో పెద్ద బాకా ఊదుతాను. మేయరుగారు నా వైపు చూసి చెయ్యెత్తితే ఊదాలి, అదే నా ఉద్యోగం. ఎత్తారు, ఊదాను. జనం చప్పట్లు కొట్టారు.

మా ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఊరుంది. పోటప్పుడు ఏరు నిండి కళకళలాడుతుంది. ఆటప్పుడు నీళ్లు వెనక్కి పోయి, బురద తేలి కంపు కొడుతుంది. పునీత తెలెస్ఫోరో పండక్కి మనీలా నుంచి సెనేటర్ దుమగత్ గారొస్తున్నారు, ఆ పవిత్రమైన ముక్కుకి కంపు తగలకూడదు. అందుకని మేయరుగారు ఏటి మొగలో రెండు రెక్కల ఇనప తలుపు పెట్టించి, పోటు నిండగానే మూయించారు.

కాపలాకి తేమ్యోంగ్‌ని వేశారు. చెప్పింది చెప్పినట్టు చేస్తాడని వాడికి పేరు.

"సముద్రం వైపు నుంచి ఎవడొచ్చినా, ఎంతటివాడైనా, ముందు మునిసిపాలిటీకొచ్చి నా పర్మిషన్ తీసుకోవాలి. తెలిసిందా?"

"ఎంతటివాడైనా సార్."

పండగ దగ్గరపడేసరికి నీళ్లు పచ్చబడ్డాయి. మా నార్సిసా పిన్ని మేయరాఫీసుకొచ్చింది. ఏట్లో వెదురు గుంజలకి ఆలిచిప్పలు పెంచి, పండగలో అమ్మి, ఆ డబ్బుతో ఏడాది బతుకుతుంది.

"తలుపు తియ్యి నాయనా. అడుగునించి ఉప్పునీళ్లు లోపలికి రావాలి, పైనించి ఏటినీళ్లు బయటికి పోవాలి. అదే దాని ఊపిరి. నా చిప్పలు నోళ్లు తెరిచేస్తున్నాయి."

"ఏరు నిండుగా ఉంది కదక్కా?"

"మూత బిగించిన సీసా కూడా నిండుగానే ఉంటుంది."

మేయరుగారు ఇంజినీరు వైపు చూశారు. "వాటర్ లెవెల్ హండ్రెడ్ పర్సెంట్ సార్," అన్నాడాయన.

"విన్నావుగా? సెనేటర్‌గారు వచ్చి వెళ్లేదాకా నీ చిప్పల్ని కాస్త ఊపిరి బిగబట్టమను," అన్నారు మేయరుగారు, ఎంతో దయగా. అప్పటికే చేపలు పైకొచ్చి నోళ్లు ఆడిస్తున్నాయి. అవి సెనేటర్‌గారికి స్వాగతం చెబుతున్నాయని మర్నాడు ప్రకటన వెలువడింది.

పండగనాడు పునీతుడి విగ్రహాన్ని తెప్పమీదికి ఎక్కించారు. పక్కన సెనేటర్, మేయరు, కౌన్సిలర్లందరూ, ఫాదర్, మా బ్యాండు. మా తెప్పకి ఇంజనుండదు, తెడ్డుండదు. పూర్వం నించీ అది మొక్కు. ఆటుతో మొగకి పోవాలి, సముద్రాన్ని దీవించాలి, పోటుతో తిరిగి రావాలి.

మేయరుగారు చెయ్యెత్తారు. ఊదాను. అదే పాట మళ్లీ మళ్లీ ఊదాం.

"ఎప్పుడు బయల్దేరతాం?" అన్నారు సెనేటర్.

"బయల్దేరాం సార్."

"మరి ఒడ్డు కదలదేం?"

మోటారు పడవ కట్టి లాగిద్దామన్నాడు ఒక కౌన్సిలర్. ఫాదర్ అడ్డం తిరిగాడు. మేయరుగారికి చెమటలు పట్టాయి. "ఒరే తేమ్యోంగ్, తలుపు తియ్యి!" అని అరిచారు.

బయట ఆటు మంచి ఊపులో ఉంది. ఇన్నాళ్లూ బిగబట్టిన నీళ్లు ఒక్కసారి కదిలాయి. తెప్ప ఉరికింది. సెనేటర్‌గారు పునీతుడి కాళ్లు పట్టుకున్నారు, ఆయన భక్తికి నా కళ్లు చెమర్చాయి. తలుపు దాటుతుండగా మేయరుగారికి ఏరు గుర్తొచ్చింది. "నీళ్లన్నీ పోతున్నాయి! మా వెనకాలే మూసెయ్యి!"

తేమ్యోంగ్ మూసేశాడు.

మళ్లీ పోటు మొదలయ్యాక అలలు మమ్మల్ని తెచ్చి తలుపుకి కొట్టాయి.

"తియ్యరా!"

"సముద్రం వైపునించి వచ్చేవాళ్లు ముందు మునిసిపాలిటీలో మేయరుగారిని కలవాలి సార్."

"నేనేరా మేయర్ని!"

"అదే సార్ ఇబ్బంది. మీరు ఆఫీసులో లేరు."

ఒడ్డుమీద పిన్ని నడుముమీద చేతులేసుకుని నిలబడింది. "కాస్త ఊపిరి బిగబట్టండి బాబూ!" అని అరిచింది.

అప్పుడు చూడాలి మా మేయరుగారి సమయస్ఫూర్తి. కౌన్సిలర్లంతా తెప్పమీదే ఉన్నారు గనక తెప్పనే మునిసిపాలిటీగా ప్రకటించి, అక్కడికక్కడే అత్యవసర సమావేశం పెట్టారు. సముద్రానికి ఏట్లో ప్రవేశం కల్పిస్తూ ఏకగ్రీవంగా తీర్మానించారు. సెనేటర్‌గారు ఆ సమయంలో అంచుమీంచి వాంతి చేసుకుంటూ కూడా చెయ్యెత్తారు. తలుపు తెరుచుకుంది. మేమూ సముద్రమూ కలిసే ఊళ్లోకొచ్చాం.

మర్నాడు తలుపు మీద మేయరుగారి బొమ్మతో పెద్ద బ్యానర్ కట్టారు: "ఈ పోటు మీకు మీ మేయర్ కానుక." ఆటు మొదలవగానే తేమ్యోంగ్ దాన్ని తిప్పి కట్టాలి. వెనకవైపు "ఈ ఆటుకి గత మేయరుదే బాధ్యత" అని ఉంటుంది. గత మేయరు ఈయన భార్యే. బ్యానర్ కట్టే తాళ్లు ఆవిడే పంపారు.

ఆ బ్యానర్ ప్రారంభోత్సవానికి పిన్ని ఒక బుట్ట మోసుకొచ్చి మేయరుగారి బూట్ల ముందు బోర్లించింది. అన్నీ నోళ్లు తెరుచుకున్న చిప్పలు. ఒక్కదాంట్లోనూ ప్రాణం లేదు.

"పోటు నీది, ఆటు మీ ఆవిడది. వీటిమీద ఎవరి పేరు రాయిస్తావు నాయనా?"

కంపు మేయరుగారి దాకా వచ్చింది. ఆయన నా వైపు చూసి చెయ్యెత్తారు.

ఊదాను.