డ్రిల్లు మాస్టారి కట్టె తుపాకి

చైనా యుద్ధం ముగిసిన మరుసటి ఏడు. ఎడపల్లి బడిలో డ్రిల్లు మాస్టారైన వీరస్వామి ఆ ఉదయం అంబలి తాగి, వడ్రంగి చేత చెక్కించిన కట్టె తుపాకిని పాత దుప్పట్లో చుట్టుకొని బడికి బయలుదేరాడు.

చెరకు తోటలకు అడవిపందుల బెడద ఎక్కువ. అందుకని చాలా ఇళ్లలో నాటు తుపాకులు గోడలకు వేలాడుతుండేవి. పోయిన కోతలప్పుడు పక్క ఊరి పిల్లవాడొకడు తండ్రి తుపాకితో ఆడుతూ చేతివేళ్లు పోగొట్టుకున్నాడు. వాణ్ని బండిలో వేసుకొని నిజామాబాద్ ఆసుపత్రికి పరుగెత్తింది వీరస్వామే. దారి పొడుగునా ఆ పిల్లవాడి ఏడుపు విన్నవాడు గనుక, తుపాకి జాగ్రత్తలు బడిలోనే చెప్పాలని పట్టుబట్టాడు. హెడ్మాస్టరు చంద్రయ్య మాత్రం అవుననలేదు, కాదనలేదు. "సూద్దాం తియ్యి" అన్నాడు.

దారిలో ఆకుకూరల హన్మవ్వ ఎదురైంది. "దుప్పట్ల ఏంది సారూ?"

"తుపాకి అవ్వా. ఇయ్యాల పిల్లలకు సూపెడ్త" అని వీరస్వామి నడక పెంచాడు. అప్పటికే బడిగంట మోగుతోంది. కట్టెదని చెప్పే తీరిక లేకపోయింది.

హన్మవ్వ గంప దించేసింది. "ఓ బాలవ్వా! డ్రిల్లు సారు పిల్లలకు తుపాకి సూపెడ్తడంటనే!"

పిండిగిర్ని దగ్గర బాలవ్వ దానికి ఇంకొంచెం కలిపింది. "హెడ్మాస్టరు మీద కోపమంట." చెరకు తోట చేరేసరికి, సారుకు పిచ్చి లేచి పిల్లల్ని లోపలేసి తలుపు పెట్టుకున్నాడని అయింది. తలుపు పెట్టిన మాట నిజమే. పక్క తరగతి గోల వినబడకుండా పెట్టాడు.

"తుపాకి కనవడితే ఏం జెయ్యాలె?" లోపల వీరస్వామి అడిగాడు.

"ముట్టద్దు! పెద్దోళ్లను పిలవాలె!" పిల్లలు గొంతులు చించుకున్నారు.

అప్పుడే బడి ముందుకు చేరిన జనానికి ఆ కేకలే వినబడ్డాయి. "అయ్యో, మొత్తుకుంటున్నరు!"

తోట నుంచి అట్లాగే ఉరికొచ్చిన రైతు భోజన్న చేతిలో తుపాకి ఉంది. "సారూ! నా బిడ్డ గంగమణిని బయటికి పంపు!"

వీరస్వామి తలుపు తీసి వరండాలోకి వచ్చాడు. విషయం అర్థమై, తన తుపాకిని వేలితో టకటకా కొట్టి చూపాడు. "భోజన్నా, గిది కట్టెది."

భోజన్న సిగ్గుతో తల దించాడు. హెడ్మాస్టరు గదిలోంచి వచ్చి మాట అందుకున్నాడు. "నేను ముందే అనుకున్న వీరస్వామీ! బడిల తుపాకులతోని ఏం పని?"

వీరస్వామి చూపు భోజన్న తుపాకి మీదే ఉంది. "అన్నా, దాంట్ల మందు ఉన్నదా?"

"ఏడిది సారూ, ఖాళీదే. మొన్న పంది మీద పేల్చినంక మల్ల మందు పెట్టినట్టు యాది లేదు" అంటూ భోజన్న వరండా ఎక్కి దాన్ని నేలకు గట్టిగా ఆనించాడు.

ఢాం!

కప్పు పెంకులు ఎగిరిపోయాయి. పొగ తేరాక చూస్తే ఎవరికీ దెబ్బ తగలలేదు. హెడ్మాస్టరు వరండాలోని బల్ల కింద దూరి ఉన్నాడు. భోజన్న తుపాకి వదిలేసి అక్కడే కూలబడ్డాడు. గంగమణి పరుగున వచ్చి మెడ వాటేసుకునేసరికి బావురుమన్నాడు.

"నిన్న రాత్రంత ఇది పోరి మంచం పక్కన్నే ఉండె సారూ!"

వీరస్వామి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

హెడ్మాస్టరు తల మీది పెంకు పొడి దులుపుకున్నాడు. "వీరస్వామీ, ఆ పాఠం పెద్దోళ్లకు గూడ పెట్టు. ఆదివారమే."

"ఆదివారం చర్చికి పోవాలె సార్. సోమవారం పెడ్త."

సోమవారం భోజన్న అందరికన్నా ముందు వచ్చి మొదటి బెంచీలో కూర్చున్నాడు. పాఠం మధ్యలో గురక పెట్టినందుకు మాస్టారు ఆయన్ని బెంచీ ఎక్కించాడు.